బావ రీలులోని రెండు దిమ్మలు

మా సుగుణక్క బతికి ఉన్నన్ని రోజులు ఈ అధ్యాయం రాయలేదు. ఆమెకు తెలియనీయొద్దని బావ అన్నాడు. అక్క పోయి ఏడాది దాటింది. రాసిన కాగితాలను ముందుగా వాళ్ల కొడుకు నరేష్‌కు పంపించాను. వాడు చదివి, ఒక్క మాట కూడా రాయకుండా, అదే కవర్లో పెట్టి తిరిగి పంపాడు. అచ్చు వేసుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బావ మాత్రం ఫోన్లో "రాసినవు గద, ఇగ ఏడ దాస్తవ్, ఇచ్చెయ్" అన్నాడు. అందుకని ఇస్తున్నాను.

ఇదంతా నరేష్ కొన్న ఒక రీలు వల్ల బయటికి వచ్చింది. వాడు కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. మూడేళ్ల కింద ఒక ఆదివారం పొద్దున సూర్యాపేటలో మా ఇంటికి వచ్చాడు. చేతిలో పొడవాటి అట్టపెట్టె. అందులో గాలపు కర్ర, దానికి బిగించే రీలు. రీలంటే ఇప్పుడు పిల్లలు చెరువుల దగ్గర పట్టుకు తిరిగే మామూలు రకం కాదు. కర్రకు పైభాగాన కూర్చునేది, దారం చుట్టుకునే చక్రం అడ్డంగా ఉండి, విసిరేటప్పుడు గిరగిరా తిరిగేది. "మామా, పది వీడియోలు చూసిన. విసిరినప్పుడల్లా దారం మొత్తం చిక్కు పడుతుంది. నువ్వు చదువుకునేటప్పుడు నాయిన రీలు నీ దగ్గరనే ఉండేదంట గద, నీకు తెలుసని అమ్మ చెప్పింది" అన్నాడు.

తెలియదని అనాల్సింది. కానీ వాడు దాన్ని నా చేతిలో పెట్టగానే నా వేళ్లు వాటంతట అవే పనిలో పడ్డాయి. దారం కొసన సీసపు గుండు కట్టి, కర్రను ముందుకు చాపి, రీలు పక్కనున్న చిన్న మరను కొంచెం కొంచెం వదులు చేశాను. గుండు మెల్లగా దిగింది. అది నేలను తాకినప్పుడు చక్రం కూడా ఆగాలి. ఆగకుండా ఇంకో రెండు చుట్లు తిరిగితే మర వదులుగా ఉన్నట్టు. వాడికి దాని సంగతి చెప్పాను. విసిరిన క్షణంలో గుండు వేగంగా పోతుంది, దానితో పాటు చక్రమూ వేగం అందుకుంటుంది. గాలిలో పోతూ పోతూ గుండు నెమ్మదిస్తుంది. ఆ సంగతి చక్రానికి తెలియదు, అది పాత వేగంతోనే దారం వదులుతూ ఉంటుంది. ఆ దారాన్ని లాక్కుపోయేవాడు ఎవడూ లేక అది అక్కడికక్కడే ఉబ్బి చిక్కుపడుతుంది. చక్రాన్ని వెనక్కి పట్టి ఉంచేది బ్రేకు. బ్రేకు బిగిస్తే చిక్కు పడదు, కానీ దూరం పోదు. వదిలితే దూరం పోతుంది, కానీ అప్పుడు బ్రేకు పని నీ బొటనవేలు చెయ్యాలి, చక్రం మీద ఆనీ ఆననట్టు ఉండి, ఎక్కడ ఒత్తాలో ఆ వేలికి తెలియాలి. ముందు పూర్తిగా బిగించి విసురు, సాఫీగా పోతే ఒక్కో అంకె తగ్గించుకుంటూ రా, దారం పైకి లేవడం మొదలైన చోట ఆగు, అన్నాను.

వాడి రీలుకు బ్రేకు బయటే ఉంది, గుండ్రటి బిళ్ల మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు. ఎవరైనా మారిస్తే కళ్లకు కనిపిస్తుంది. దాన్ని ఒకటి నుంచి పదికి, పది నుంచి ఒకటికి తిప్పి చూశాను.

"ఇది నాకు కాదు మామా, నాయినకు" అన్నాడు నరేష్. "పదిలో పెడితే వేలు అసలు అవసరమే లేదు. చెరువు కట్ట మీద కూసోని ఏసుకోవచ్చు. కానీ ముట్టుకోడు. 'నా చెయ్యి సచ్చి నలభై ఏండ్లయిందిరా' అంటడు. నువ్వు జర వచ్చి చెప్పరాదు? నీ మాట ఇంటడు."

వస్తానన్నాను. వాడు వెళ్లిపోయాక అన్నం తినలేదు.

నేను ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పాను. మాది తిరుమలగిరి పక్క ఊరు, బోరు కింద పత్తి వేసుకునే ఇల్లు. రెండోసారి కూడా తప్పాక మా నాయిన నాతో మాట్లాడడం మానేశాడు. వాకిట్లో నేను కూర్చుంటే ఆయన లేచి పశువుల దగ్గరికి పోయేవాడు. అది చూడలేక మా అమ్మ నన్ను మిర్యాలగూడకు, అక్క దగ్గరికి పంపింది. అక్కడే చదువుకుని మళ్లీ పరీక్ష రాయాలి. అక్క పెళ్లయి మూడేళ్లు, పిల్లలు ఇంకా లేరు. బావ లింగయ్య ఒక బియ్యం మిల్లులో డ్రైవర్. మిల్లు డ్రైవర్ అంటే బండి నడిపేవాడు కాదు, మిల్లు మొత్తాన్ని నడిపేవాడు. వడ్లు ఎంత పడాలి, రబ్బరు రోళ్లు ఎంత దగ్గరగా తిరగాలి, నూక ఎందుకు ఎక్కువ వస్తోంది, ఇవన్నీ మోటారు చప్పుడు విని, గొట్టంలోంచి జారే బియ్యాన్ని వేళ్ల మధ్య నలిపి చెప్పేవాడు. ఆ పని ఉన్నన్నాళ్లే కాంపౌండులో గది.

ఆ గది ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. ఒకటే గది, ముందు రేకుల వసారా. ఉప్పుడు బియ్యం మిల్లు కాబట్టి ఎప్పుడూ ఉడికిన వడ్ల వాసన, తియ్యగానూ పులిసినట్టుగానూ ఉండేది, గుడ్డల్లో, దిండులో, నోట్లో. బాయిలర్‌లో కాలిన ఊక బూడిద పొద్దస్తమానం నల్లటి రేకుల్లా గాలిలో దిగుతూ ఉండేది. అక్క ప్రతి గిన్నె మీద మూత, మూత మీద బరువు పెట్టేది. ఉతికిన బట్టలు బయట ఆరేసేది కాదు, వసారాలోనే దండెం కట్టి ఆరేసేది. అందుకని ఆ వసారాలో తడి బట్టల మధ్య తలదూర్చి నేను చదువుకోవాలి. చుట్టూ రెండు నిలువుల గోడ, దాని మీద గాజు పెంకులు. గేటు దగ్గర వాచ్‌మన్. మిల్లు యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. కాంపౌండులో ఉండేవాళ్లు ఊరికే వస్తూ పోతూ ఉండడం ఆయనకు నచ్చేది కాదు. బయటికి పోవాలని నాకూ లేదు. పోతే ఎవరో ఒకరు "పాసైనవా?" అని అడుగుతారు. బావమరిదిని కాబట్టి ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. అది ఇంకా కష్టంగా ఉండేది. అక్క పెట్టే ముద్ద ఎవరి సంపాదనో నాకు తెలుసు.

నేను రాక ముందు ఏడాది బావ కుడి చెయ్యి మిల్లు బెల్టులో పడింది. వేళ్లు నిలిచాయి. బొటనవేలు కదిలేది, వస్తువును పట్టుకునేది, కానీ అందులో స్పర్శ లేదు. కాలినా, గుచ్చుకున్నా తెలియదు. సేటు దగ్గర మాత్రం బావ "మెల్లగ వస్తున్నది సేటూ, సలికాలం దాటితే మంచిగైతది" అని చెప్పుకున్నాడు. మిల్లుకు పని తక్కువ ఉన్న నెలలు కాబట్టి సేటు ఏమీ అనలేదు. కొత్త వడ్లు రావడానికి ముందు డ్రైవర్ ఎవరన్నది తేలాలి. కోస్తా వైపు నుంచి ఇంకో డ్రైవర్ అప్పటికే రెండుసార్లు వచ్చి మిల్లంతా తిరిగి చూసిపోయాడు. ఆయన వచ్చిన రోజు బావ భోజనం దగ్గర ఎక్కువ జోకులు వేసేవాడు. "ఏందిరా బామ్మర్ది, నువ్వు పాసయ్యేలోపు నేను రిటైరయితనా ఏంది?" అనేవాడు. అక్క నవ్వేది కాదు.

ఆ ఇంట్లో బావకంటూ ఉన్న సొంత వస్తువు ఆ రీలు ఒక్కటే. దుబాయిలో ఓడల రిపేరు దగ్గర పనిచేసే దోస్తు తెచ్చి ఇచ్చాడు. ఇనుప డబ్బీలా గుండ్రంగా, బరువుగా ఉండేది. ఆదివారం వస్తే సాగర్ ఎడమ కాలువ గట్టుకు పోయి కూర్చునేవాడు. చేయి పాడయ్యాక ఆయన దాన్ని తన వేలికి తగ్గట్టు మార్చుకున్నాడు. ఆ రీలు బ్రేకు బయటికి కనిపించదు. పక్క మూతకున్న మూడు మరలు విప్పితే లోపల సన్నటి పుల్లల మీద రెండు చిన్న దిమ్మలు ఉంటాయి, ఒక్కోటి మినపగింజంత. చక్రం వేగంగా తిరిగినప్పుడు అవి బయటికి జరిగి, అంచుకు రాసుకుని వేగం తగ్గిస్తాయి. బావ రెండు దిమ్మలూ ఉంచి, బయటి మర కూడా బిగించి పెట్టుకునేవాడు. దాంతో బొటనవేలుతో పనే లేదు. దూరం మాత్రం పోదు. గట్టు మీద మిగతా గాలాలవాళ్లు ఆడుకునేవాళ్లు.

"ఏం లింగన్నా, కాళ్లకాడ్నే ఏస్తున్నవ్? కొర్రమట్ట చాపలు నిన్ను సూడనీకి గట్టుకు వస్తయా?"

"అత్తగారింటికి వచ్చినట్టు వస్తయి. నీ లెక్క దూరమేసి చిక్కు ఇప్పుకుంట కూసునుడు నాతోని కాదు" అనేవాడు బావ.

ఎడమ చేత్తో విసరడానికి ఆయన ఒప్పుకునేవాడు కాదు. "ఈ చెయ్యితోనే ఎయ్యాలె. ఇది పని చేస్తదని దీనికి యాదికుండాలె గద" అనేవాడు.

నాకు ఆ దగ్గర దగ్గర విసుర్లు చూస్తే సిగ్గుగా ఉండేది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మధ్యాహ్నాలు బావ మిల్లు లోపల ఉండేవాడు, అక్క కాసేపు నడుం వాల్చేది. వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఆ నెలల్లో ఖాళీ. నేను గోడకున్న మేకు నుంచి గాలపు కర్ర తీసుకుని కల్లంలోకి పోయేవాణ్ణి. దారం కొసన ఒక ఇనుప నట్టు కట్టి విసిరేవాణ్ణి. కల్లమంతా గడులు గడులుగా గీతలుండేవి, ఎంత దూరం పోయిందో లెక్క అవే చెప్పేవి. బావ పెట్టినట్టే ఉంచితే పది గడులు. బయటి మర వదులు చేస్తే పదకొండు, పన్నెండు. ఒకరోజు మూత విప్పి ఒక దిమ్మ తీశాను. పద్నాలుగు. నా బొటనవేలు బాగుంది, చక్రం వేడి దానికి తెలుస్తోంది, ఎక్కడ ఆనించాలో తెలుస్తోంది. రెండు సబ్జెక్టులు రెండుసార్లు తప్పినవాడికి ఒక పని వచ్చింది. విసిరి, చుట్టి, మళ్లీ మూత పెట్టి, దిమ్మను దాని చోట పెట్టి, కర్రను మేకుకు తగిలించేవాణ్ణి. అడిగి తీసుకుంటే బావ తప్పకుండా ఇచ్చేవాడు. అడగలేదు. అడిగితే చదువుకోవడం లేదని తెలిసిపోతుంది.

ఒక శనివారం రెండో దిమ్మ కూడా తీశాను. రెంటినీ చొక్కా జేబులో వేసుకుని, వెనక్కి రెండడుగులు వేసి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. నట్టు కల్లం దాటి, గోడ దాటి, గాజు పెంకుల మీదుగా అవతల ఎక్కడో పడింది. దారం గోడ మీద సన్నగా మెరుస్తూ వాలింది. అలాగే నిలబడి చూశాను. నా చేతిలోని దారం కొస బయట ఎవరి పొలంలోనో ఉంది. ఇంతలో అక్క "తమ్మీ, ఏడున్నవ్?" అని పిలిచింది. గబగబా దారం లాగాను, నట్టు ఎక్కడో తట్టుకుని తెగింది. మిగిలింది చుట్టి, మూత, బయటి మర బిగించి, కర్రను మేకుకు తగిలించాను. దిమ్మలు జేబులోనే ఉన్నాయి. రేపు పెడదాం అనుకున్నాను.

ఆ సాయంత్రం సేటు దగ్గర నుంచి కబురు వచ్చింది. రేపు పొద్దున సూర్యాపేట నుంచి చుట్టాలు వస్తున్నారు, కాలువ గట్టున వంటలు, లింగయ్యను గాలం తీసుకుని రమ్మనమని. బావ ముఖం వెలిగిపోయింది. "సేటు చాపల కోసం పిలుస్తలేడు సుగుణా. నా చెయ్యి సూస్తనంటుండు. ఆ కోస్తాయన గూడ వస్తుండంట" అన్నాడు. సేటు అలాంటి మనిషే. లారీ కొన్నా, మనిషిని పనిలో పెట్టుకున్నా ఒకసారి కళ్లతో చూసి తేల్చేసేవాడు. బావ రీలును బయట బయట గుడ్డతో తుడిచి, నూనె చుక్క వేసి, మంచం పక్కన పెట్టుకున్నాడు. మూత విప్పలేదు, విప్పాల్సిన పని ఆయనకేముంది? నేను వసారాలో పడుకుని జేబు తడుముకుంటూ ఉన్నాను. పొద్దున్నే అందరికంటే ముందు లేచి పెట్టేస్తాను అనుకున్నాను. లేచి లోపలికి పోయి "బావా, తీసింది నేను" అనడానికి పది అడుగులు. పోలేదు.

లేచేసరికి ఆయన స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, కర్ర భుజాన పెట్టుకుని గేటు వైపు నడుస్తున్నాడు. ఎదురు మంచిగా రావాలని అక్క ముందురోజే పక్క గది ఆమెకు చెప్పి పెట్టింది. ఆమె బిందెతో నీళ్లు పట్టుకుని గేటు దగ్గర నుంచి ఎదురొస్తోంది. నేను లేచి "బా..." అన్నానో లేదో అక్క చెయ్యి నా నోటి మీద పడింది.

"ఎనుకనుంచి పిలుస్తవా? నీకు తెలివి ఉన్నదా? బతుకుదెరువు పని మీద పోతుండు!"

ఇన్నేళ్లూ ఆ చెయ్యి వెనక దాక్కున్నాను. ముఖ్యమైన పని మీద పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు, అందుకే చెప్పలేకపోయాను అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. వెనక నుంచి పిలవకూడదు, నిజమే. పరుగెత్తుకుంటూ పోయి ముందుకు వెళ్లి నిలబడి చెప్పకూడదని ఏ శకునమూ లేదు. పైగా నేను సైకిలు తీసుకుని కాలువ దగ్గరికి పోయాను. ఆయన విసరక ముందే పోయాను.

గట్టు మీద కూర్చోవడానికి చాపలు పరిచి ఉన్నాయి. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. సేటు, ఆయన చుట్టాలు నలుగురైదుగురు, కోస్తాయన. బావ అందరికీ దండం పెట్టి, సీసపు గుండు కట్టి, మెల్లగా దించి చూసుకున్నాడు. మర బిగువుగా ఉంది కాబట్టి గుండు మెల్లగానే దిగింది. లోపలి దిమ్మలు అప్పుడు పనిచెయ్యవు, వేగం వచ్చినప్పుడే వాటి పని. "లింగయ్యా, అవతలి గట్టు దాంక పోతదా, లేకపోతే మా కాళ్లకాడ్నే పడ్తదా?" అన్నాడు సేటు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. "పోతది సేటూ" అని, దూరం కోసం బయటి మరను ఎప్పుడూ లేనంత వదులు చేశాడు. లోపల రెండు దిమ్మలున్నాయన్న ధైర్యం. నేను ఆయనకు పది అడుగుల దూరంలో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నాను. 'బావా ఆగు' అంటే చాలు. అంటే, అడక్కుండా తీసింది ఎవరో అంతమంది ముందు తెలుస్తుంది. రెండుసార్లు తప్పిన బామ్మర్ది, ఇంట్లో కూర్చుని తింటూ, బావ వస్తువు పాడుచేశాడు అంటారు. నా నోరు నేనే మూసుకున్నాను. ఆ క్షణాన అక్క చెయ్యి లేదు అక్కడ.

విసిరాడు. గుండు మంచి ఎత్తుకు లేచింది, ఆ ఒక్క క్షణం అందరూ తలలెత్తి చూశారు. చక్రం కూత పెట్టింది. దారం రీలులోంచి నురగలా పొంగి, వేళ్ల చుట్టూ, పిడి చుట్టూ చుట్టుకుంది. బావ బొటనవేలితో బలంగా ఒత్తాడు. దారం తెగి గుండు నీళ్లలో దగ్గరలోనే పడింది. ఎవరో పకపకా నవ్వారు. బావ ముఖాన నవ్వు తెచ్చుకుని "కొంచెం చిక్కు పడ్డది సేటూ, ఒక్క నిమిషం" అని తల వంచి దారం విప్పడం మొదలుపెట్టాడు. తెల్ల చొక్కా మీద ఎర్రటి మరకలు కనిపించాయి.

"లింగయ్యా, రక్తం" అన్నాడు సేటు.

"ఏడ సేటూ?" అన్నాడు బావ. ఆయన చుట్టూ చూశాడు. కిందికి చూశాడు. అందరూ ఆయన చేతినే చూస్తున్నారు, అది తన రక్తమని ఆయనకు మాత్రం తట్టలేదు. దారం బొటనవేలిని ఎముక దాకా కోసింది. ఆయన ఆ వేలితోనే చిక్కు విప్పుతున్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. సేటు లేచి వచ్చి, తన భుజం మీది తువ్వాలు తీసి బావ చేతికి చుట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. మెల్లగానే అన్నాడు. "స్పర్శ వస్తున్నదంటివి గద లింగయ్యా. ఇగ నువ్వు మిషనుకాడికి పోకు. ఏ దినమో చెయ్యంత బెల్టుల పడ్తది, మీ ఇంటామెకు నేనేం జవాబు చెప్పాలె? గేటుకాడ కూసో. లారీల నంబర్లు రాసుకో."

ఇదంతా నేను చేసిన మొదటి తప్పు. తెలివి తక్కువ, పిరికితనం అని దాన్ని ఎవరైనా క్షమించవచ్చు. రెండోది వేరు. ఆ సాయంత్రం బావ చేతికి కుట్లు వేయించుకోవడానికి అక్కతో దవాఖానకు పోయాడు. రీలు వసారాలో పడి ఉంది. నేను చిక్కంతా విప్పి, మూత తీసి, రెండు దిమ్మలనూ వాటి పుల్లల మీద పెట్టి, మూడు మరలూ బిగించాను. నా తప్పు దిద్దుకుంటున్నానని ఆ క్షణాన అనుకున్నానేమో కూడా, గుర్తు లేదు.

మరునాడు పొద్దున బావ కట్టు కట్టిన చేత్తోనే రీలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ చేత్తో మరలు ఒక్కొక్కటే విప్పాడు. నేను పక్కనే భౌతికశాస్త్రం పుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నాను. మూత తీసి, వెలుగులోకి పట్టి, చాలాసేపు చూశాడు. గోటితో ఒక దిమ్మను జరిపి చూశాడు. రెండోదాన్ని జరిపి చూశాడు.

"అన్ని సక్కగనే ఉన్నయిరా" అన్నాడు. "మిషనుల తప్పు లేదు."

మూత పెట్టేశాడు. ఆ తరువాత ఆయన మళ్లీ కాలువ గట్టుకు పోలేదు. వారం రోజుల్లో గది ఖాళీ చేసి కోస్తాయనకు ఇచ్చాం, గేటు వెనక చిన్న రేకుల గదిలోకి మారాం. నేను అక్కడే ఉండి పరీక్ష రాశాను. పాసయ్యాను. వెళ్లేటప్పుడు బావ ఆ రీలును నా సంచిలో పెట్టాడు. "నీ చేతి ఏళ్లు మంచిగున్నయి, నువ్వు ఏసుకో" అన్నాడు. నెల తిరగకుండా దాన్ని ఎవరికో ఇచ్చేశాను. నేను టీచరునై, సూర్యాపేటలో ఇల్లు కట్టుకుని, పిల్లలకు అబద్ధం ఆడకూడదని ముప్పై ఏళ్లు చెప్పి రిటైరయ్యాను. బావ గేటు దగ్గర పాతికేళ్లకు పైగా కూర్చున్నాడు, తరువాత నరేష్ వాళ్లిద్దరినీ కోదాడ తీసుకుపోయాడు.

నరేష్ వచ్చిపోయిన మూడో రోజు బస్సెక్కాను. కోదాడలో మేడ మీద బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కొత్త రీలు పెట్టెలోంచి తీయకుండా గోడకు ఆనించి ఉంది. నరేష్ కాలేజీకి పోయాడు. అక్క కింద వంటింట్లో ఉంది. "వాడు పంపిండా నిన్ను?" అన్నాడు బావ. "నాకొద్దని చెప్పు. నీకు తెలుసు గద, నువ్వు ఆడ్నే ఉంటివి."

చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తు లేదు. కల్లం, జేబు, కాలువ, ఆ సాయంత్రం, అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో అడ్డుపడలేదు. కింద రోడ్డు మీద బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"రెండూ తీసినవా, ఒక్కటా?"

"రెండూ బావా."

"మల్ల ఎప్పుడు పెట్టినవ్?"

"మీరు దవాఖానకు పోయినప్పుడు."

"తెల్లారి నేను ఇప్పి సూసిన."

"తెలుసు బావా. నేను పక్కనే ఉన్న."

ఆయన తన కుడి చెయ్యిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఎవరో వేరేవాళ్ల చెయ్యిని చూసినట్టు చూశాడు. "బొటనేలు సచ్చిందని నాకు ఎరికనే" అన్నాడు. "దానికి ఉపాయం దొరికిందనుకున్న. ఆ దినం ఉపాయం గూడ పనికిరాలేదనుకున్న. అప్పటిసంది దేనికీ నమ్మలే ఈ చెయ్యిని. స్కూటర్ నడపలే. నరేష్ పుట్టినంక..." ఆగాడు. "వాణ్ని నేను ఒక్కసారి గూడ ఎత్తుకోలేదురా. కూసుంటే మీ అక్క ఒళ్లె పెట్టేది. నిలబడి ఎత్తుకోలే. జారిపోతడని."

ఇది నాకు తెలియదు. నేను పోగొట్టింది ఆయన ఉద్యోగం ఒక్కటే అనుకుంటూ బతికాను. దానికే ఏదో ఒక లెక్కన పశ్చాత్తాపం పడుతూ వచ్చాను. పండగలకు పోయినప్పుడు, బుడ్డోడు బావ చుట్టూ తిరుగుతూ చేతులెత్తితే, బావ వాడిని నా వైపు తోసేవాడు. "మీ మామ ఎత్తుకుంటడు పో" అనేవాడు. నేను ఎత్తుకునేవాణ్ణి. గాలిలోకి ఎగరేసి పట్టుకునేవాణ్ణి. ఆయన చూసి నవ్వేవాడు.

"కొట్టు బావా. తిట్టు" అన్నాను.

"తిడితే ఏమైతది? నీ బరువు అల్కగైతది" అన్నాడు. కోపంగా అనలేదు. నిజం అడిగితే చెప్పినట్టు అన్నాడు. కొత్త రీలు పెట్టె వైపు చూస్తూ, "నరేష్‌కు ఎప్పుడో ఒకప్పుడు నువ్వే చెప్పు. మీ అక్కకు మాత్రం చెప్పకు. ఆమె బతికున్నన్ని దినాలు చెప్పకు. అమ్మగారింటి దిక్కు ఆమెకు మిగిలింది నువ్వొక్కనివే. అది గూడ లేకుండ చెయ్యకు" అన్నాడు.

నేను ఒక బరువు దించుకోవడానికి పోయాను. ఆయన దాన్ని దించనియ్యలేదు. తను కూడా ఒక పక్క పట్టుకున్నాడు.

కింద నుంచి అక్క పిలిచింది. దిగి వచ్చి కూర్చున్నాం. చింతచిగురు పప్పు, వేయించిన వంకాయ. అక్క వడ్డిస్తూ నా ముఖం చూసి, బావ ముఖం చూసి, "ఏందీ, బావా బామ్మర్దులు గంటసేపు ఏం గుసగుసలు పెట్టిన్రు? నాకు చెప్పరా?" అంది.

బావ తల ఎత్తలేదు.

"ఏముంటది" అన్నాడు. "రీలు ఎట్ల బిగించాలెనో సెప్తున్నడు నీ తమ్ముడు. నాకు అర్థమైతలేదు."

"వాడు సార్ గద, సెప్తే అట్లనే ఉంటది" అని అక్క నవ్వింది. ఇంకో గరిటె పప్పు నా కంచంలో వేసి, పక్కనే కూర్చుని, తిను తమ్మీ అంది. మేమిద్దరం తల వంచుకుని తిన్నాం. కంచం ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు.